ముందు చక్రాల పని

బండి ఆగమంటే ఆగుతోంది, కాకపోతే వణికి మరీ ఆగుతోంది. స్కూలు మలుపు దగ్గర బ్రేకు మీద కాలు వేసేసరికి స్టీరింగు పెద్దాయన చేతుల్లో గజగజలాడింది. వెనక సీట్లో బెల్టు కట్టుకుని కూర్చున్న మనవరాలు ముందుకి వంగి చూసింది.

"తాతయ్యా, బండికి చలేస్తోందా?"

"చలి కాదే పిచ్చుకా, ముసలితనం."

"నీకులాగానా?"

"నాకేం, నేను రాయిలా ఉన్నాను. దానికే ఎక్కువ."

ఆ పిల్లకి బళ్ళో రాసుకున్న పేరొకటి ఉంది గానీ, నోరు మూత పడదు కనక తాత దగ్గర పిచ్చుకే. బడి గేటు దగ్గర దిగేలోపు ఇంకో పది ప్రశ్నలు అడిగింది. చక్రాలకి నొప్పి పుడుతుందా, బండి రాత్రి పూట కళ్ళు మూసుకుంటుందా, ఏడు సీట్లుంటే మనం ఇద్దరమే ఎందుకున్నాం. మిగతావాటికి జవాబులు చెప్పి, చివరిదానికి మాత్రం "దిగు దిగు, గంట కొట్టేస్తున్నారు" అన్నాడు పెద్దాయన. గంట ఇంకా కొట్టలేదు.

వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకి తెలుసు. చక్రం వెనక ఒక ఇనప పళ్ళెం ఉంటుంది. చదువుకున్నవాళ్ళు రోటరంటారు, షెడ్డుల్లో డిస్కంటారు. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు అటూ ఇటూ చేరి దాన్ని నొక్కి పట్టుకుంటాయి. ఏళ్ళ తరబడి అరిగీ కాగీ ఆ పళ్ళెం ఎగుడుదిగుడైతే ప్యాడు దాని మీద గెంతుతుంది, ఆ గెంతే చేతికి వణుకై తగులుతుంది. ముందు చక్రాల డిస్కులు రెండూ మార్చాలి, ప్యాడ్లతో సహా. ఇదేం కొత్త పని కాదు. ఊరికి నీళ్ళు తోలే పంపుహౌసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఆయన. మీటర్ల ముళ్ళు చూస్తూ, మోటార్ల చప్పుడు వింటూ జుట్టు నెరిసింది. అలాంటివాడు సొంత బండిని ఇంకొకడి చేతికిస్తాడా? ఇవ్వడు. ఇచ్చినా పక్కన నిలబడి వాడి ప్రాణం తీస్తాడు.

ఆ సాయంత్రం కూతురితో ఆ మాట అన్నాడు. అనకుండా ఉంటే పోయేది. కానీ బ్రేకు సామాను ఇంటికి రాక మానదు, వస్తే ఆమె కంట పడక మానదు. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. చుక్కలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చూడ్డం ఆమె పని, ఇంట్లోనూ అదే చూపు. తల్లి పోయాక కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి తండ్రి దగ్గరే ఉండిపోయింది. అల్లుడిది వేరే ఊళ్ళో ఉద్యోగం, నెలకోసారి వచ్చి పోతాడు.

"ఈసారికి షెడ్డుకిద్దాం నాన్నా" అంది, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా.

"షెడ్డుకా! ఈ బండి కొన్నప్పట్నుంచీ ముందు చక్రాలు నేను కాక ఇంకెవడన్నా విప్పాడా? నా చెయ్యి పడ్డాక ఒక్కసారైనా మాట తెచ్చిందా?"

"అప్పుడు వేరు."

"ఏం వేరు?"

ఇద్దరికీ తెలిసిందే కదా, మళ్ళీ నోటితో అనుకోవడమెందుకు అనుకుందేమో. దాని బదులు వేరేది ఎత్తుకుంది.

"మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయావు. గిన్నె మాడి బొగ్గయింది. నిన్న నీళ్ళ మోటారు ఆపకుండా పడుకున్నావు. ఊరంతటికీ నీళ్ళు తోలినవాడివి, మన ట్యాంకు పొంగి వీధిలోకి పోతుంటే నీకే తెలీలేదు."

"పోతే ఏం పోయాయే? నీళ్ళేగా."

"బ్రేకులు తప్పితే పోయేవి నీళ్ళు కావు నాన్నా."

పెద్దాయన మూతి ముడుచుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే బాపతు అని ఆయన భార్య ఊరికే అనేది కాదు. ఆ మాట కూతురికీ గుర్తొచ్చిందేమో, కత్తిపీట పక్కన పెట్టి కాసేపు ఆయన వంకే చూసింది. జాలి పడిందో, విసిగిపోయిందో, మొత్తానికి ఒప్పుకుంది.

"సరే, చెయ్యి. కానీ ఒక్క మాట. తేడా వచ్చిందంటే మాత్రం పిచ్చుక స్కూలు వ్యాన్లో వెళ్తుంది. అప్పుడు నాతో వాదన పెట్టుకోకూడదు."

"రాదు."

"రాకపోతే మంచిదే."

చూడ్డానికి చిన్న పందెం. పెద్దాయనకి మాత్రం ఉన్నదంతా అందులోనే ఉంది. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన నోరు తెరిచేది బండెక్కాకే. పొద్దున పిల్లని దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం, ఆ రెండు ప్రయాణాల మధ్య గడియారం కేసి చూడ్డం. మిగతా రోజంతా పడక్కుర్చీకీ కిటికీకీ మధ్య తిరుగుతూ ఉంటాడు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్ళంతా గుండె దిటవు గల మనిషి అన్నారు. దిటవూ లేదు, గాడిదగుడ్డూ లేదు, ఏడుపు రాలేదంతే. రానిదానికి ఆయనేం చేస్తాడు? పిల్ల ప్రశ్నలు వేస్తుంటే మాత్రం ఛాతీ మీద బరువు కాస్త పక్కకి జరిగినట్టుండేది. వ్యానొస్తే అదీ పోతుంది.

సెలవురోజు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. పోర్టికోలో పాత కర్టెను పరిచి, పానాలన్నీ వాడే వరసలో పేర్చుకున్నాడు. ఎప్పుడూ అంతే. ఒక పక్కన ఖాళీగా ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాన్ని తెచ్చి అక్కడ వేసింది ఆయనే. వేశాక గుర్తొచ్చింది అది ఎవరి కోసమో. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళడానికి మనసొప్పక అలాగే వదిలేశాడు.

భార్య బట్టలు కుట్టేది. ముందుగదిలో మిషను, దాని చుట్టూ వీధిలోని ఆడవాళ్ళ జాకెట్లు. బండి పని ఉన్న రోజున మాత్రం మిషను కట్టేసి, చేతికుట్టు ఏదో పట్టుకుని వచ్చి ఈ స్టూలు మీద కూర్చునేది. గుండీలు కుడుతూ, దారం పళ్ళతో తెంపుతూ ఆయన్ని ఆటపట్టించేది.

"ఏమండీ డాక్టరుగారూ, ఆపరేషను ఎంతవరకొచ్చింది?"

"రోగి బతుకుతాడు. నువ్వు నోరు మూసుకుంటే ఇంకా త్వరగా బతుకుతాడు."

"బతికి ఏం లాభం, మీరే కదా నడిపేది."

ఊసుపోక వచ్చి కూర్చుంటుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని ఎవరూ చెప్పలేదు, ఆవిడతో సహా.

హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, బండి నేల మీద ఉండగానే ముందు నట్లు కాస్త వదులు చేసుకున్నాడు. పైకెత్తాక విప్పబోతే చక్రం తిరుగుతుంది, అది తెలియనివాళ్ళు చాలామంది. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం ఊడదీశాడు. ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపరు విప్పి, బ్రేకు నూనె గొట్టం మీద దాని బరువు పడకుండా తీగ కట్టి పైన వేలాడదీశాడు. ఇక డిస్కు రావాలి. రాలేదు. తుప్పు దాన్ని చక్రం మధ్య దిమ్మకి, అదే హబ్బుకి, అతికించేసింది.

"రా తల్లీ, రా" అని బతిమాలాడు. ఇనుముతో బతిమాలే మాట్లాడాలని ఆయన నమ్మకం. సుత్తితో ఒకేచోట బాదకుండా చుట్టూ తిప్పుతూ ఓపిగ్గా తట్టాడు. చెమట కనుబొమల మీంచి కారి కళ్ళు మండాయి. కాసేపటికి ఖణేల్మని ఊడొచ్చింది. అంచు మీద గోరు పెట్టి చూశాడు. ప్యాడు తాకని చోట మెట్టులా ఎత్తుగా ఉంది, తాకినచోట గాడులు పడి నీలంగా కాగిన మచ్చలు. ఇన్నాళ్ళూ దీని మీదే పిల్లని బడికి తీసుకెళ్ళానా అనుకుని దాన్ని తీసి దూరంగా పెట్టాడు.

హబ్బు మీద తుప్పంతా వైరు బ్రష్షుతో గీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ గీకాడు. అక్కడ ఇసుకరేణువంత మురికి మిగిలినా కొత్త డిస్కు వంకరగా కూర్చుంటుంది, వంకరగా కూర్చుంటే వణుకు మళ్ళీ మొదటికొస్తుంది. పెట్టెలోంచి కొత్తది తీసి, తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళు రాసిన నూనెపూత పోయేదాకా కడిగాడు. పైన కిటికీలోంచి పిచ్చుక అరిచింది.

"తాతయ్యా, అది అద్దంలా ఉంది! నేను ముఖం చూసుకుంటా!"

"చూసుకుందువు గాని, ముందు మీ అమ్మ చెప్పిన పాఠం చూసుకో!"

పాత ప్యాడ్లు అరిగి పల్చనైపోయాయి, వాటితోపాటే కాలిపరులో వాటిని నెట్టే పిస్టను ముందుకి జరిగి కూర్చుంది. కొత్తవి మందం, పట్టాలంటే దాన్ని వెనక్కి నెట్టాలి. క్లాంపు బిగించి మెల్లగా, తొందర లేకుండా, పిస్టన్ని చివరికంటా లోపలికి తోశాడు. పిన్నులకి గ్రీజు రాశాడు. ప్యాడ్లు కూర్చోబెట్టాడు. బోల్టులు బిగించాడు. తర్వాత రెండో పక్క, అదే వరస, అదే ఓపిక. చక్రాలు ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించి, మళ్ళీ ఒక చుట్టు బిగించి చూసి, ఇటుకలు తీసేశాడు. ఏ ఒక్కటీ తప్పలేదు. పాలు మాడబెట్టిన మనిషి చేసిన పని కాదది.

చాలా రోజుల తర్వాత ఆయనకి హాయిగా అనిపించింది. నడుము నొప్పి కూడా బాగానే ఉంది. ఇంటి పక్కనున్న కుళాయి దగ్గరికెళ్ళి సబ్బుపొడి వేసి చేతులు రుద్దుకున్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా రుద్దాడు. చేతులు శుభ్రమయ్యాక కూడా కుళాయి కట్టేసి అక్కడే కాసేపు నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలీలేదు. తర్వాత తుండుతో తుడుచుకుని వచ్చాడు.

వచ్చేసరికి పిచ్చుక వెనక సీట్లో ఉంది. బెల్టు కూడా కట్టేసుకుంది.

"అమ్మ మేడ మీద బట్టలారేస్తోంది. మనం ఒక రౌండు వేసొద్దాం తాతయ్యా. ఒక్కటే."

దిగవే అనాలి. ముందు నేనొక్కణ్ణే తిప్పి చూస్తానమ్మా అనాలి. ఏ మేస్త్రీ అయినా అదే అంటాడు, ఆయనా ఇంకొకరికైతే అదే చెప్పేవాడు. కానీ పొద్దున్నుంచీ పడ్డ కష్టమంతా ఆ పిల్ల కోసమే అయినప్పుడు, ఆ పిల్లే వచ్చి కూర్చుంటే ఎలా దిగమంటాడు? సంతోషం మనిషికి గుడ్డితనం తెస్తుంది. ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు.

పోర్టికోలోంచి వీధిలోకి వాలు ఉంది. హ్యాండ్ బ్రేకు వదిలి, రివర్సు వేసి, బండిని మెల్లగా వెనక్కి జారనిచ్చాడు. గేటు దాటుతుండగా ఆపి అటూ ఇటూ చూసుకోవాలి కదా, అలవాటు ప్రకారం బ్రేకు మీద కాలు వేశాడు.

పెడలు నేలకి పోయింది. కింద బురద ఉన్నట్టు, అడ్డూ అదుపూ లేకుండా సర్రున పోయింది. ఆయన కాలెత్తి మళ్ళీ తొక్కాడు, మళ్ళీ పోయింది. బండి గేటు దాటి, వీధికి అడ్డంగా పడి, వేగం అందుకుంది. "తాతయ్యా" అంది పిల్ల, ఇంకా నవ్వుతూనే. హ్యాండ్ బ్రేకు గుర్తొచ్చి లాగేసరికి ఎదురింటి టీచరమ్మ ప్రహరీగోడ వచ్చేసింది. బండి వెనక భాగం దానికి గుద్దుకుంది. ఇటుకలు కూలిన చప్పుడు, గాజు పగిలిన చప్పుడు, ఆ వెంటనే పిల్ల ఏడుపు.

వెనక్కి తిరిగి చూశాడు. పిచ్చుక నోటి నిండా రక్తం.

కూతురు మేడ మెట్లు ఎలా దిగిందో ఎవరూ చూడలేదు. తడిచేతులతోనే తలుపు లాగి, పిల్లని ఒళ్ళోకి తీసుకుని, నోరు తెరిచి చూసింది. పై పళ్ళు దిగి కింది పెదవి చీరుకుంది. పళ్ళు కదల్లేదు, తలకి దెబ్బ లేదు, మెడ బాగానే తిరుగుతోంది. రోజూ చూసే రక్తమే, అయినా దీన్ని మాత్రం తుడిచిందే తుడుస్తూ ఉండిపోయింది. పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తలుపు ధడాలున వేసింది. తిట్టినా బావుండేది.

టీచరమ్మ బయటికొచ్చి గోడ చూసుకుని, పెద్దాయన ముఖం చూసి, "పోనివ్వండి అన్నయ్యగారూ, గోడే కదా. మళ్ళీ కట్టుకుంటాం. పిల్లకేం కాలేదు కదా?" అంది.

బండిని లోపలికి తేవాలి. భయపడుతూనే ఎక్కి పెడలు మీద కాలు పెట్టాడు. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి రాయిలా గట్టిగా నిలబడింది. ఆయనకి మతి పోయింది. ఇందాక లేనిది ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? పోర్టికోలోకి తెచ్చి, ఇటుకలు పెట్టి, జాకీ ఎత్తి, ఇందాక బిగించినవన్నీ మళ్ళీ విప్పాడు. గొట్టాలు తడిమాడు, ఎక్కడా చుక్క నూనె కారడం లేదు. బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. ప్యాడ్లు సరిగ్గానే కూర్చున్నాయి. తప్పు దొరికితే ప్రాణం కుదుటపడేది. ఫలానాది మర్చిపోయాను, ముసలివాణ్ణయ్యాను, ఒప్పుకుంటున్నాను అని చేతులెత్తేసేవాడు. తప్పు ఎక్కడా లేదు, పిల్ల నోట్లో రక్తం మాత్రం ఉంది.

కూతురే ఫోను చేసినట్టుంది, షెడ్డు మేస్త్రీ మోటారుసైకిలు మీద వచ్చాడు. వీధి చివర ఈమధ్యే షెడ్డు పెట్టినవాడు, పెద్దాయనకి ముఖపరిచయం మాత్రమే. వంగి రెండు పక్కలా చూసి, వేలితో డిస్కు అంచు తడిమి, మెచ్చుకోలుగా తల ఊపాడు.

"పని బ్రహ్మాండంగా చేశారు బాబాయిగారూ. హబ్బు ఇంత శుభ్రంగా మేమూ గీకం. ఒట్టేసి చెప్తున్నా, గీకం."

"మరి ఎందుకలా పోయింది పెడలు?"

"అదే ఆలోచిస్తున్నా." మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "పిస్టన్లు వెనక్కి నెట్టారు కదా. అవి మళ్ళీ ముందుకొచ్చి ప్యాడుని తాకేదాకా పెడల్లో ఏమీ ఉండదు. బండి కదిపే ముందు గట్టిపడేదాకా తొక్కి చూసుకున్నారు కదా?"

"అది మా ఆవిడ తొక్కుతుంది" అన్నాడు పెద్దాయన.

"అమ్మగారా? అయితే ఓసారి పిలవండి. ఎన్నిసార్లు తొక్కారో అడుగుదాం."

పెద్దాయన ఇంటివైపు తిరిగాడు. పిలవడానికే తిరిగాడు, నోరు కూడా తెరిచాడు. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

మేస్త్రీ ఆయన్నీ చూశాడు, ఆమెనీ చూశాడు. దండేసిన ఫొటో చూస్తే గానీ అర్థం కానంత తెలివితక్కువవాడు కాదు. "తప్పయిపోయింది బాబాయిగారూ, నాకు తెలీదు" అన్నాడు నెమ్మదిగా. "బండి బాగానే ఉంది. ఏం పర్లేదు." ఇంకేం అనాలో తోచక మోటారుసైకిలు స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

పెద్దాయన ఖాళీ స్టూలు మీద కూలబడ్డాడు.

తెలియక కాదు. ఎప్పుడో మొట్టమొదటిసారి ఆవిడకి నేర్పింది తనే. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు నేను చేతులు కడుక్కునేలోపు నువ్వు ఎక్కి బ్రేకు తొక్కుతూ ఉండు, మెత్తగా ఉన్నంతసేపూ తొక్కు, రాయిలా తగిలితే చెప్పు అన్నాడు. రోజంతా మిషను తొక్కే కాలికి ఇదో లెక్కా అంది ఆవిడ. అంతే, మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. చివరి నట్టు బిగించి ఆయన కుళాయి వైపు వెళ్ళడం, ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బండెక్కడం, కాసేపటికి "గట్టిపడింది, రండి" అని కేక వెయ్యడం. ఏళ్ళు గడిచేసరికి ఆ పని ఉందన్న సంగతే ఆయన బుర్రలోంచి జారిపోయింది. ఆయన దృష్టిలో పని చేతులు కడుక్కోవడంతో అయిపోయేది. ఇవాళ కుళాయి దగ్గర ఊరికే నిలబడింది ఆ కేక కోసం. అది రాలేదు. రాలేదన్నది కూడా తెలీకుండా వచ్చి తాళం తిప్పాడు.

కూతురు వచ్చి ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది. చిన్నప్పుడు ఆ కేక వినే పరుగెత్తుకొచ్చి ముందు సీటు కోసం తల్లితో గొడవ పడేది. ఆమెకీ గుర్తుంది. గుర్తుండి కూడా పొద్దున్నుంచీ తోచలేదు. కోపమంతా ఎటు పోయిందో, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"పోనీలే నాన్నా. దాని పెదవి రెండు రోజుల్లో మానిపోతుంది. ఇకమీదట నేను తొక్కుతాను. వ్యానూ వద్దు, ఏమీ వద్దు. నువ్వే తీసుకెళ్ళు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇదొక్కటేనా?"

"ఏంటి?"

"పాలు నేను మర్చిపోలేదే. పొంగేవేళకి ఎప్పుడూ ఆవిడే దించేది. నేను పొయ్యి వెలిగించి వచ్చేసేవాణ్ణి. మోటారు వేసేది నేనే, ఆపిందెవరో నేనెప్పుడన్నా చూశానా? నాకు మతిమరుపు వచ్చిందని నువ్వనుకుంటున్నావు, నేనూ అనుకున్నాను. మతిమరుపైతే మందుంటుంది. ఆ పనులు అసలు నా దగ్గర ఎప్పుడూ లేవు. సగం పని చేసి మొత్తం నేనే చేశానని ఇన్నాళ్ళూ మీసం మెలేశాను. ఒక్కసారైనా అనలేదు చూడు, అది నేను చేస్తున్నానండీ అని ఒక్కసారైనా..."

మాట పూర్తి కాలేదు. ఆసుపత్రి వరండాలో రాని ఏడుపు, ఇంటినిండా జనం ఉన్నప్పుడు రాని ఏడుపు, ఇప్పుడొచ్చింది. గ్రీజు చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. పెద్దవాళ్ళ ఏడుపు వినసొంపుగా ఉండదు, దగ్గులా, కేకలా, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు వస్తుంది. కూతురు ఆయన భుజం మీద తల పెట్టి తానూ ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఆవిడ కోసం ఏడవడం అదే మొదలు.

చాలాసేపటికి ఆయన ముక్కు చీది, బండి తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇంకా ఏమేం నా దగ్గర లేవో నాకు తెలీదే. నడిపేటప్పుడు కూడా పక్కన కూర్చుని ఏం చూసేదో, ఎక్కడెక్కడ నాకు చెప్పకుండా చెప్పేదో. తెలిసేదాకా ఆ పిల్లని నా బండెక్కించకు. నువ్వు పెట్టిన షరతు కాదిది, నేను పెడుతున్నా."

"నాన్నా, నేను కోపంలో అన్నాను ఆరోజు."

"కోపంలో అన్నా సరైన మాటే అన్నావు."

ఆమె ఆ రాత్రి అన్నాల దగ్గర మళ్ళీ అడిగింది, తెల్లారాక ఇంకోసారి అడిగింది. ఆయన వినలేదు. వ్యానువాడికి తనే ఫోను చేసి రమ్మన్నాడు.

పొద్దున పిచ్చుక యూనిఫాం వేసుకుని వచ్చి మెట్టు మీద కూర్చుంది. కింది పెదవి వాచి పక్కకి వేలాడుతోంది, మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. తాత ఎదురుగా గొంతుక్కూర్చుని బూటు లేసు కడుతున్నాడు. పిల్ల పోర్టికోలో ఉన్న బండి వంక చూసింది, గేటు బయట హారన్ కొడుతున్న వ్యాను వంక చూసింది, తాత నెత్తి వంక చూసింది.

"నేను ఏడ్చాననా తాతయ్యా?"

"ఏంటమ్మా?"

"నిన్న ఏడ్చాను కదా, గట్టిగా. అందుకనా నన్ను ఎక్కించుకోవట్లేదు?"

ఆయన లేసు లాగి బిగించాడు.

"ఇంకెప్పుడూ ఏడవను" అంది పిచ్చుక. "రక్తమొచ్చినా ఏడవను, ఒట్టు. నోరు కూడా మూసుకుని కూర్చుంటాను. ప్రశ్నలు అడగను."

పెద్దాయన కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టాడు, అది విప్పి మళ్ళీ కట్టాడు. వ్యాను రెండోసారి హారన్ కొట్టింది. పిల్ల కాలు వెనక్కి తీసుకుని, సంచీ తగిలించుకుని, తాత ఏమన్నా అంటాడేమోనని గేటు దగ్గర ఒకసారి ఆగి, వెళ్ళి వ్యానెక్కింది.